స్లో కుక్కర్ ఆపని ఆదివారం

ఏడో భాగం

తెలియనివాళ్ల కోసం ఒక్కసారి చెబుతాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలం రెండో ఆదివారం పొద్దున మేం ముగ్గురం పది గంటల పూజకి వెళ్లాం. నేను, నా భర్త డ్వైట్, మా అత్తగారు లియోనా. మామగారు క్లెమ్‌కి మోకాలి ఆపరేషన్ అయి పదిరోజులే కావడంతో ఇంట్లోనే కూర్చుని టీవీలో పూజ చూస్తానన్నాడు. వెళ్లేముందు నేను వంటగదిలో స్లో కుక్కర్ ఆన్ చేశాను, గంటల తరబడి దానంతటదే ఉడికించే కరెంటు కుండ. పంది మాంసం, పులియబెట్టిన క్యాబేజీ, సన్న సెగ. పూజ అయ్యాక చర్చి హాల్లో కాఫీ తాగుతుంటే డ్వైట్ నడుముకున్న పేజర్ మోగింది. అతను పద్దెనిమిదేళ్లుగా మా ఊరి వాలంటీర్ ఫైర్ దళంలో ఉన్నాడు. పేజర్ చెప్పిన అడ్రసు మాదే. వెనక తలుపు పగలగొట్టి తండ్రిని బయటికి లాక్కొచ్చింది డ్వైటే. అప్పటికే పొగ తన పని చేసేసింది.

స్లో కుక్కర్ వల్లేనని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. మూడు వారాలుగా నాకున్న ప్రశ్న ఒక్కటే, క్లెమ్‌ని చంపింది నేనేనా అని. ఇన్సూరెన్సు తరఫున కాలిన ఇంటిని పరిశీలిస్తున్న హాల్వర్‌సన్ సోమవారం ఫోన్ చేసి, నిప్పెక్కడ పుట్టిందో తేలింది, గురువారం పదింటికి వచ్చి చెబుతానన్నాడు. ఫోన్లో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. మనం ఆగింది అక్కడ. ఇవాళ గురువారం.

ఇప్పుడు మేం ఉంటున్నది చర్చి పక్కన, సిస్టర్లు ఖాళీ చేసి వెళ్లిన పాత కాన్వెంటులో. పన్నెండు గదులు, గదికో ఇనప మంచం, మంచానికో సిలువ. ఇద్దరు పడుకునే మంచం ఇల్లంతా వెతికినా లేదు. సిస్టర్లకి దాంతో పనేముంది? డ్వైట్ ఒక గది, నేనొక గది, లియోనా ఒక గది. రెండు మంచాలు దగ్గరికి జరుపుదామని నేను అనలేదు, అతనూ అనలేదు. పని చేసే కౌంటీ రోడ్ల షెడ్డు నుంచి వస్తాడు, బూట్లు విప్పుతాడు, నిలబడే నాలుగు ముద్దలు తింటాడు, నా మొహం చూడకుండా గదిలోకి పోతాడు. తండ్రి ప్రాణం తీసిన ఆడదానితో ఏం మాట్లాడతాడులే అని నేనూ కదిలించలేదు.

నాకు ఏడుపు రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. అంత్యక్రియలయ్యాక హాల్లో అందరూ కళ్లొత్తుకుంటుంటే నేను బంగాళాదుంప సలాడ్ రెండోసారి పెట్టుకుని తిన్నాను. జనం చూశారు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక చెంప మనది కానట్టుంటుంది చూడండి, ఆ రోజు నుంచీ నాకు ఒళ్లంతా అలాగే ఉంది.

లియోనా సంగతి మీకు తెలుసు. గడప దాటాలంటే ఇల్లంతా ఒక చుట్టు తిరగాలి. టోస్టర్ వైరు పీకుతుంది, కాఫీ మెషిన్ వైరు పీకుతుంది, వాడి వారమైన ఇస్త్రీపెట్టెను కూడా అరచేత్తో తాకి చూస్తుంది. తిరుగుతున్న యంత్రాన్ని ఇంట్లో వదిలి పోవడమూ పసిబిడ్డను పొయ్యి పక్కన వదిలి పోవడమూ ఒకటేనంటుంది. "మీ అమ్మ సిలువ మార్గం మొదలుపెట్టిందిరా, పద్నాలుగు స్థలాలూ అయితే గాని కారెక్కదు" అని, చర్చిలో పద్నాలుగు పటాల దగ్గర ఆగాగి చేసే ప్రార్థనతో పోల్చి, క్లెమ్ డ్వైట్‌తో అంటూ హారన్ మోగించేవాడు. నేను వెనక సీట్లో కూర్చుని నవ్వేదాన్ని.

మా ఊళ్లో ఆదివారం పూజకి వెళ్తూ స్లో కుక్కర్ పెట్టని ఇల్లు లేదు. ఫాదర్ ప్రసంగం సాగదీస్తే మాంసం ఇంకాస్త మెత్తబడుతుంది, అంతే. లియోనా ఒక్కతే ఇంటికొచ్చాక పొయ్యి వెలిగించి మూడింటికి భోజనం పెట్టేది. ఆ ఆదివారం గుమ్మం దగ్గర ఇద్దరం మాటామాటా అనుకున్నాం.

"ఆపు దాన్ని, కొరీన్."

"ఊళ్లో అందరూ పెట్టుకునే వస్తారు, లియోనా. వాళ్ల ఇళ్లేమైనా అంటుకున్నాయా?"

"అంటుకున్నాక అడుగుతావా?"

"ఊరందరిదీ ఒక దారి, మా ఉలిపికట్టెది ఒక దారి" అని క్లెమ్ కుర్చీలోంచి అరిచాడు. "పొండి, పొండి. నేనున్నాగా, చూసుకోడానికి!"

మేం విన్న ఆయన చివరి మాట అదే.

తర్వాత లియోనా నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది. రోజూ సాయంత్రం భోజనాలయ్యాక జపమాల చెబుతుంది. చివరికొచ్చేసరికి గొంతు పెంచి, "అజాగ్రత్తగా ఉన్నవాళ్లని కూడా క్షమించు ప్రభూ" అంటుంది. నేను ఆమెన్ అంటాను. ఏం చేస్తాను మరి?

ఇవాళ పొద్దున డ్వైట్‌ని ఉండమన్నాను. "నాకు పనుంది, మీరిద్దరూ వినండి" అని లారీ తాళాలు తీసుకుని పోయాడు.

హాల్వర్‌సన్ సరిగ్గా పదింటికి వచ్చాడు. పొడుగ్గా, బక్కగా, టోపీ మోకాలి మీద పెట్టుకుని సిస్టర్ల భోజనబల్ల ముందు కూర్చున్నాడు. లియోనా కాఫీ పోసి, దాల్చినచెక్క కేకు కోసి పెట్టింది. శత్రువొచ్చినా కేకు పెట్టకుండా మాట్లాడనివ్వదు ఆవిడ.

"ముందు మీ కుండ సంగతి" అని అతను నావైపు ఒక ఫొటో జరిపాడు.

నా కుక్కర్. గాజుమూత పగిలింది, పైన పిడి కరిగిపోయింది, లోపలి మట్టికుండ మాత్రం నిక్షేపంగా ఉంది. అందులో నల్లటి ముద్ద, ఒక ఎముక.

"ఇది బయటినుంచి కాలింది, లోపలినుంచి కాదు" అన్నాడు. "దీని కింద బల్ల చూడండి. అడుగు ఆనినంత మేర చెక్క రంగే మారలేదు. వైరు బాగానే ఉంది. నిప్పు ఇక్కడికి వచ్చింది, ఇక్కడ పుట్టలేదు."

"అంటే?"

"అంటే మీ కుండ ఏ పాపమూ ఎరగదు."

నేను ఆ ఎముకను చూస్తున్నాను. నాలుగు గంటలు ఉడకాల్సింది, గంటన్నరే ఉడికింది అనిపించింది. ఆ నిమిషంలో నాకొచ్చిన ఆలోచన అదొక్కటే. ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట విన్నాను, లోపల ఏమీ కదల్లేదు.

లియోనా కప్పు కింద పెట్టింది. "మరి ఎక్కడ పుట్టింది?"

"వెనక వసారాలో, బట్టలు ఉతికేచోట. తడి బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్లో."

లియోనా నవ్వింది. నిజంగానే నవ్వింది.

"బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, కాదనను. కానీ అది జరగని పని. దాన్ని నా చేత్తో నేనే ఆపాను."

"ఎప్పుడు ఆపారమ్మా?"

"పదికి ఇరవై నిమిషాలుందనగా. కోటు వేసుకున్నా, ఇల్లంతా చూసుకున్నా, చిట్టచివర దాన్ని ఆపి బయటపడ్డా."

"అది పూర్తయి ఆగిందా, మీరు ఆపారా?"

"తిరుగుతున్నదాన్ని నేనే ఆపా. ఇంకా అరగంట తిరగాల్సింది. అలా వదిలేసి గడప దాటే మనిషిని కాదు నేను. కావాలంటే క్లెమ్‌ని అడుగు."

అన్నాక ఆ మాట ఆవిడకే వినపడింది. కాసేపు కేకు ముక్కలన్నీ పళ్లెంలో ఒక పక్కకి సర్దింది.

"లోపల ఏం బట్టలున్నాయి?" అని హాల్వర్‌సన్ మెల్లగా అడిగాడు.

"తువ్వాళ్లు. మన హాల్లో చేపల వేపుడువి. ఆ వారం ఉతికే వంతు నాది."

తపస్సు కాలంలో మాంసం ముట్టని ప్రతి శుక్రవారం మా చర్చి హాల్లో చేపలు వేయిస్తాం. నాలుగు వందల పళ్లేలు లేస్తాయి. మూకుళ్లు తుడిచేది, ట్రేలు తుడిచేది, చేతులు తుడుచుకునేది అన్నీ ఆ తెల్ల తువ్వాళ్లతోనే. రెండు గోనె సంచులనిండా అవుతాయి. ఆడవాళ్లం వంతులేసుకుని ఇళ్లకి తీసుకెళ్లి, ఉతికి, మడతలు పెట్టి మళ్లీ గురువారానికల్లా తెచ్చిపెడతాం. యాభై ఏళ్లలో లియోనా వంతు తప్పింది లేదు, డ్వైట్ పుట్టిన వారంతో సహా.

"ఉతికాక నూనె వాసన పోయిందా?"

"ఎలా పోతుంది? వేడినీళ్లలో సోడా వేసి రెండుసార్లు ఉతికా. ఎవరింట్లో ఉతికినా ఆ వాసన పోదు. సెగ ఎక్కువ పెట్టి ఆరబెడితే కాస్త తగ్గుతుంది. అందుకే బాగా వేడి మీద పెట్టా."

"ఆపాక బయటికి తీసి పరిచారా?"

"టైమెక్కడిది? ఫాదర్‌కి పదంటే పదే. అలాగే లోపల ఉంచి తలుపు గట్టిగా మూసేశా."

అతని పెన్ను ఆగిపోయింది. తలెత్తి ఆవిడ వైపు కాదు, నా వైపు చూశాడు.

"రాసుకో బాబూ" అంది లియోనా, వేలితో కాగితం మీద కొడుతూ. "ఆపేసింది అని రాసుకో. రేపెవరైనా నేను వదిలేసి పోయాననకూడదు."

"రాశానమ్మా."

కేకు చాలా బాగుందని చెప్పి లేచాడు. "కొరీన్ గారూ, కారు దాకా వస్తారా? ఒక సంతకం కావాలి" అన్నాడు. సంతకమేమీ లేదని నాకప్పుడే అర్థమైంది.

బయట మురికి మంచు కరిగి గుమ్మం ముందు బురదైంది. అతను కారు తలుపు తీసి, ఎక్కకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నూనె ఎంత ఉతికినా పూర్తిగా పోదు. బట్టలో కొంత ఉండిపోతుంది. అలాంటివాటిని బాగా వేడి చేసి కుప్పగా మూసిపెడితే తమలో తాము ఇంకా వేడెక్కుతాయి. మీది పాడి రైతుల ఊరే కదా. పచ్చి గడ్డి కొట్టంలో నింపితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మా నాన్న కొట్టం అలాగే పోయింది. లోపల్లోపల కాగి, నాలుగో రోజున అంటుకుంది.

"ఆ మెషిన్ చివరి పది నిమిషాలూ సెగ ఆపేసి చల్లగాలి మాత్రమే తిప్పుతుంది" అన్నాడు. "ఆ చివరి పది నిమిషాలూ దాని పని బట్టల్ని చల్లార్చడమే."

"ఆవిడ దాన్ని ఆపకుండా వచ్చేసి ఉంటే?"

"చల్లారి, తనంతట తాను ఆగిపోయేది. చాలామటుకు ఏమీ అయ్యేది కాదు. చూడండి, నేను రోజూ జనానికి చెప్పేది మీ అత్తగారి మాటే. ఇంట్లో లేనప్పుడు ఏదీ తిరగనివ్వకండని. ఇప్పుడూ అదే చెబుతాను. ఆవిడ తప్పు ఆపడం కాదు, వేడివేడిగా కుప్పేసి మూసిపెట్టడం. కానీ ఆవిడ అలా వింటుందా?"

వినదు. ఆ రోజు ఆపకపోతే క్లెమ్ బతికేవాడు అనేదొక్కటే వింటుంది. బతుకంతా ఒకే జాగ్రత్త పట్టుకుని బతికిన మనిషికి ఆ జాగ్రత్తే మొగుణ్ణి మింగిందని ఎవరు చెబుతారు?

"ఇన్సూరెన్సుకి దీంతో తేడా లేదు, ప్రమాదం ప్రమాదమే. కానీ రిపోర్టు సోమవారం పోస్టులో వస్తుంది. ఇల్లు ఆవిడ పేర ఉంది కాబట్టి ఆవిడ పేరుకే వస్తుంది. ఈలోగా ఇంట్లోవాళ్లెవరైనా చెబితే మంచిది." టోపీ పెట్టుకున్నాడు. "నేనే చెబుదామని వచ్చాను. రాసుకో, రాసుకో అన్నాక నోరు పెగల్లేదు."

కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. "నేను చంపలేదు" అని పైకే అని చూశాను. ఇంకోసారి అన్నాను. కాళ్లు తడిశాయని తెలిసింది, లోపలికొచ్చాను.

లియోనా బల్ల దగ్గరే నిలబడి ఉంది. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ మొహం అలా నేనెప్పుడూ చూడలేదు.

"మూడు వారాలుగా జపమాల అడ్డం పెట్టుకుని నిన్ను పొడుస్తున్నాను" అంది. "నీకు తెలుసు. నాకూ తెలుసు. ఆయనకీ తెలుసు" అని పైకి చూపించింది. "దేవుడి పేరు చెప్పి మనిషిని కొట్టాను, కొరీన్. ఏ ముఖం పెట్టుకుని పాపసంకీర్తనానికి వెళ్లి ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోను?"

"పోనీయండి, లియోనా."

"పోనివ్వను. రేపు ఆఖరి చేపల వేపుడు. ఊరంతా వస్తారు. ఫాదర్ చేతిలోంచి మైకు తీసుకుంటా. మా కోడలి కుండ ఏ పాపమూ ఎరగదు, డ్రయ్యరంట, అదీ నేను తిరుగుతుండగానే ఆపేసి తలుపేసి వచ్చా, ఇక ఎలా అంటుకుందో ఆ దేవుడికే తెలియాలి అని చెబుతా. వింటారు. నిన్ను అన్నవాళ్లందరూ వింటారు."

ఆ హాల్లో గోడవారగా ఉన్న పొడుగు బల్ల ఫైర్ దళం వాళ్లది. తిరుగుతున్న డ్రయ్యర్ని మధ్యలో ఆపి మూసిపెడితే ఏమవుతుందో తెలిసినవాళ్లు పన్నెండు మంది కూర్చుంటారు. ఆవిడ ఆ మాట పూర్తి చేసేలోపే వాళ్లలో ఒకడు ఫోర్కు కింద పెడతాడు. పక్కవాడి వైపు చూస్తాడు. ఆవిడ మైకు పట్టుకుని ఊరి ముందు తన నేరం తానే చదివి వినిపిస్తుంది, అదీ నా పరువు కాపాడ్డానికి.

"వద్దు" అన్నాను. "నాకు అవసరం లేదు."

"నాకుంది అవసరం." దగ్గరికొచ్చి నా చెంప మీద చెయ్యి పెట్టింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. చెయ్యి బరువు తెలిసింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. ఆవిడ కోసం ఏడవాలని ఉంది. ఏడుపు ఎక్కడుందో వెతుక్కున్నా దొరకలేదు.

"ముందు వాడికి చెప్పాలి" అని గోడకున్న ఫోన్ తీసింది.

ఆపాలంటే ఆపగలిగేదాన్ని. రెండడుగుల దూరంలో ఉన్నాను. నిలబడి చూశాను.

"డ్వైట్? నేనురా. వచ్చి వెళ్లాడు. ఒరే, నీ పెళ్లాం తప్పేమీ లేదురా! కుండ కాదంట. డ్రయ్యరంట!... నేనూ అదే అన్నా, ఎలా అవుతుందని. అరగంట ఉండగానే నేను ఆపేశాగా. ఆ చేపల తువ్వాళ్లు లోపలే ఉంచి తలుపు మూసి... డ్వైట్?" రిసీవర్ని ఒకసారి చూసి మళ్లీ చెవికి పెట్టుకుంది. "ఉన్నావా? ఏమిట్రా మాట్లాడవు?... ఆ, ఇక్కడే ఉంది. ఇస్తున్నా."

రిసీవర్ నా చేతికిస్తూ ఆవిడ సంబరంగా గుసగుసలాడింది. "నీతో మాట్లాడతాట్ట!"

ఫోన్లో లారీ ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

"అమ్మకి వినపడుతోందా?" అన్నాడు డ్వైట్.

"లేదు."

"హాల్వర్‌సన్ నీకు అసలు సంగతి చెప్పాడా?"

"చెప్పాడు."

"అమ్మకి?"

"చెప్పలేదు."

గాలి బయటికి వదిలాడు. "మంచిపని చేశాడు. కొరీన్, విను. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"వెనక తలుపు పగలగొట్టినప్పుడే చూశా. డ్రయ్యర్ తలుపు ఊడి పడుంది, లోపల తువ్వాళ్ల కుప్ప ఎర్రగా ఉంది. ట్రైనింగులో అలాంటివి ఎన్ని చూపించలేదు మాకు. నాన్నని ఎత్తుకునే ముందే అర్థమైంది."

"ఆ రోజేనా?"

"ఆ రోజే. అమ్మ తట్టుకోలేదు. నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావనుకున్నా."

నేనేమీ అనలేదు. అనకపోవడాన్ని అతను ఒప్పుకోవడం అనుకున్నాడు. మా పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. మాటలు తొందరగా, వరసగా వచ్చాయి, ముందే అనుకుని పెట్టుకున్నట్టు. "ఆ రిపోర్టు నేను పోస్టాఫీసులోనే తీసేసుకుంటా. అతను పొరబడ్డాడని చెబుదాం. కుక్కర్ వైరు పాతదని, ఆ సంగతి నీకు ముందే తెలుసని నువ్వే ఒప్పుకో. ఊరు ఎలాగూ అదే అనుకుంటోంది. ఇంకొన్నాళ్లు నీ మీదే ఉండనీ, కొరీన్. ఏమంటావు?"

లోపల ఏదో కదిలింది. ముందు అదేమిటో గుర్తుపట్టలేకపోయాను, అంత పాతబడిపోయింది. పాదాల దగ్గర మొదలై మెల్లగా పైకొచ్చింది. చేతుల్లోకి వచ్చాక తెలిసింది, కోపమని.

"ఏమంటున్నాడు?" లియోనా కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీదుగా తొంగి చూసింది. "సంతోషించాడా?"

ఫోన్ పెట్టేయలేదు. డ్వైట్‌కి ప్రతి మాటా వినపడేలా రిసీవర్ని బల్ల మీద, ఆ ఫొటో పక్కన పెట్టాను.

"లియోనా, కూర్చోండి" అన్నాను.

ఆవిడ కూర్చుంది.